బొటనవేలి కింద ఎముక

టీ గిన్నె పక్కనే ఆ బూట్లు పెట్టింది జెరూతో. ఉతికిన బూట్లే, ఇంకా నీళ్ళు కారుతున్నాయి. అయినా తిండి తినే బల్ల మీద బూట్లు పెట్టడం ఆ ఇంట్లో ఇంతకుముందు ఎవరూ చూడలేదు.

"కింద పెట్టమ్మా, ఎవరివైనా బూట్లు బూట్లే కదా," అంది అత్తగారు తప్‌రాందిచ్, రొట్టె తుంచడం ఆపి.

"పెడతాను అత్తమ్మా. ముందు ఈ మట్టి ఏ దారిదో ఎవరో ఒకరు చెప్పాలి."

జెరూతో మొగుడు, పరుగు కోచ్ చెబోయ్, పొగలు కక్కుతున్న టీని ఒక్క గుక్కలో తాగేశాడు. జెరూతో చెల్లెలు సలీనా తన బూట్లను తానే ఎప్పుడూ చూడనట్టు చూసింది.

పరుగుకు పేరుపడ్డ ఇటెన్ కొండ మీద మట్టి ఎరుపు. ఆ ఊళ్ళో పిల్లల మేజోళ్ళూ ఎరుపే, కుక్కల కాళ్ళూ ఎరుపే. తెల్లవారకముందే పరుగుకు పోయినవాళ్ళంతా ఎర్రటి బూట్లతో తిరిగొచ్చి, ఉతికి, కంచె మీద ఆరబెడతారు. జెరూతో బూటు నాలుకను వేలితో వెనక్కి మడిచి చూపించింది. లోపల మూలల్లో, ఎంత తోమినా వదలని చోట, బూడిదరంగు మట్టి గట్టిగా పట్టి ఉంది. ఆ రంగు మట్టి కావాలంటే కొండ దిగి కెరియో లోయ అడుగుదాకా పోవాలి.

ఎడమకాలి ముందెముకలో చీలిక వచ్చి పరుగు మానేసినప్పటినుంచీ ఆ ఇంట్లో బూట్లు ఉతికే పని జెరూతోదే. కాలు పనికి రాకపోతే చేతులున్నాయి కదా అని తనే అడిగి తీసుకుంది. పెరట్లో ముక్కాలిపీట వేసుకుని, ఎడమకాలు చాపుకుని, మొగుడివీ చెల్లెలివీ రోజూ తోమి కంచెకు తగిలించేది. మొదటిసారి బూడిదరంగు కనపడినప్పుడు సలీనా లోయలో ఉన్న పిన్ని ఇంటికి వెళ్ళొచ్చిందేమో అనుకుంది. రెండోసారి కనపడినప్పుడు అడుగుదామనుకుని మరిచిపోయింది. ఈ పొద్దున ఇక మరిచిపోవడానికి వీల్లేకుండా కనపడింది.

"నిన్న లోయలోకి దిగావా సలీనా?"

సలీనా బావ వంక చూసింది. ఆ చూపే జవాబు. నోరు తెరిచే పని కూడా లేకపోయింది.

"ఎలా ఎక్కుతుందో ఒకసారి చూద్దామని తీసుకెళ్ళాను," అన్నాడు చెబోయ్. "దానికింత రాద్ధాంతమా?"

"ఒకసారేనా?"

"ఒకటో రెండో. నేను లెక్క పెట్టుకున్నానా?"

తప్‌రాందిచ్‌కు కథ అర్థమైపోయినట్టే అనిపించింది. ఆవిడ చెవుల్లో బజారు ఆడవాళ్ళ గుసగుసలు నెలరోజులుగా నలుగుతున్నాయి. కోచ్‌గారి పికప్పులో మరదలు ముందు సీట్లో కూర్చుంటోందనీ, తెల్లవారుజామున వెళ్ళి ఎండెక్కాక వస్తున్నారనీ ఎవరో అంటే, ఎవరో విన్నారు. ఆవిడ రొట్టె పక్కన పెట్టేసి, తన కొడుకు అలాంటివాడు కాడనీ, సలీనా ఈ ఇంట్లో కడుపున పుట్టిన పిల్లలా తిరుగుతోందనీ, ఊళ్ళో వాళ్ళకి పనిలేదనీ ఏకబిగిన చెప్పుకుపోయింది. ఎవరూ అడగకుండానే ఆవిడ అన్నన్ని సమాధానాలు చెప్పడంతో సలీనా మొహం కందిపోయింది.

జెరూతోకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమెకే బాగా లేదు.

"అదైతే నయమే అత్తమ్మా. చీపురు తీసుకుని ఈయనకు నాలుగు, దానికి నాలుగు తగిలించి, మా అమ్మ దగ్గర కూర్చుని ఓ నెల ఏడ్చి వచ్చేదాన్ని. ఇది అది కాదు." మొగుడివైపు తిరిగింది. "ఆ దారి ఎవరెక్కుతారో నాకు తెలీదా? రెండేళ్ళు నేనెక్కాను. పందెం ఖాయమైనవాళ్ళని తప్ప మీరు ఆ దారి ఎక్కించరు. అక్టోబరు పందేనికి ఎవరి పేరిచ్చారు?"

చెబోయ్ ఖాళీ కప్పును బల్ల మీద తిప్పుతూ కూర్చున్నాడు. బయట ఆవుని తోలుతున్న ఎవరిదో కేక వినిపించింది.

"పేరు," అంది జెరూతో.

"సలీనాది."

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? మొగుడై, కోచై, ఆమె కాలికి తానే వైద్యుడై, ఎప్పుడు తినాలో ఎప్పుడు పడుకోవాలో చెప్పినవాడే ఆమె చోటును తీసుకెళ్ళి మరొకరికి ఇచ్చేశాడు. ఆ మరొకరు పరాయిది కాదు, పక్క గదిలో పడుకునే చెల్లెలు. దేశం దాటి వెళ్ళి పరుగెత్తే ఆ పందెం కోసమే జెరూతో ఇన్నాళ్ళు మంచం పట్టి ఓర్చుకుంది. జూలై చలి దాటేసరికి ఎముక అతుకుతుంది, అక్టోబరుకు అందుకుంటావు అని చెప్పిందీ ఆయనే.

చెబోయ్ గొంతు సవరించుకున్నాడు. తన పరుగు క్యాంపులో పిల్లలకు పాఠం చెప్పే గొంతు తెచ్చుకున్నాడు. పందెం వాళ్ళు ఎవరి ఎముక కోసమూ ఆగరనీ, పరుగెత్తించి పేరు రాసుకోవడానికి శనివారం మేనేజరు వస్తున్నాడనీ, పంపడానికి కాళ్ళున్న మనిషి ఒకరు కావాలనీ చెప్పాడు. "నీ ఎముక అతికుంటే నిన్ను కాదని ఇంకొకరిని పంపుతానా? రోజూ చూస్తూనే ఉన్నాను కదా. నిన్న పొద్దున కూడా నొప్పి అన్నావా లేదా?"

అన్న మాట నిజమే. నిన్న పొద్దునా అంది, మొన్న పొద్దునా అంది.

రోజూ లేవగానే అదే తంతు. ఆమె మంచం అంచున కూర్చుని ఎడమకాలు ఆయన ఒళ్ళో పెట్టేది. ఆయన బొటనవేలితో మోకాలి కిందనుంచి ఎముక మీద నొక్కుకుంటూ వచ్చి, చీలిక ఉన్న చోట ఆగి, ఇంకా గట్టిగా నొక్కి, నొప్పి ఉందా అని అడిగేవాడు. ఉందనేది. అయితే ఇంకో వారం అనేవాడు. "పరుగు రోడ్డు మీద పెరగదు, మంచం మీద పెరుగుతుంది," అనేవాడు. ఆ మాట ఊరూరా కోచ్‌లు చెప్పేదే, అబద్ధం కాదు. బాగా పరుగెత్తి బాగా పడుకున్న కాలే బలపడుతుంది. పడుకోవడం చేతకాక చెడిపోయినవాళ్ళని జెరూతో చాలామందిని చూసింది. అందుకే ఆయన మాటను ప్రార్థనలా పట్టుకుంది. పిల్ల చెలిమో వచ్చి మీద ఎక్కబోయినా, అమ్మ కాలు నిద్రపోతోంది తల్లీ అని దింపేసేది.

జెరూతో కుర్చీ వెనక్కి జరుపుకుని కాలు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"చూడండి ఇప్పుడు."

"ఇది కుడికాలు."

"తెలుసు. ఇదే చూడండి."

అమ్మ ఎదురుగా ఉంది, మరదలు ఎదురుగా ఉంది. చెబోయ్‌కి తప్పలేదు. బొటనవేలు ఆనించి కిందికి జరిపాడు. అలవాటు కొద్దీ నోటివెంట అదే మాట వచ్చింది.

"నొప్పి ఉందా?"

"లేదు. రోజూ ఆ కాలిని నొక్కినట్టు దీన్ని నొక్కండి."

ఆయన చెయ్యి కదలలేదు.

"పొద్దున బూట్లు తోముతూ నేనే నొక్కుకు చూసుకున్నాను," అంది జెరూతో. గొంతు పెంచలేదు. "మామూలుగా నొక్కితే ఏమీ లేదు. మీరు నొక్కినంత నొక్కితే ప్రాణం పోయింది. సరే అని కుడికాలు కూడా అంతే నొక్కాను. అదీ అంతే నొప్పి. విరగని కాలు కూడా విరిగినంత నొప్పి పెట్టింది. నొక్కండి. అత్తమ్మ కూడా చూస్తారు."

తప్‌రాందిచ్‌కు పరుగు సంగతులు తెలియవు. ఆవులు తెలుసు, దూడలు తెలుసు, కొడుకు మొహం తెలుసు. ఆ మొహం వంక కాసేపు చూసింది.

"నొక్కరా," అంది.

చెబోయ్, భార్య కాలిని మెల్లగా ఒళ్ళోంచి దింపి లేచి బయటికి వెళ్ళిపోయాడు. తప్‌రాందిచ్ బల్ల మీద బూట్లు తీసుకెళ్ళి తనే కంచె మీద పెట్టి వచ్చింది.

*

ఆయన పెరటి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. జెరూతో వెళ్ళేసరికి వెనక్కి తిరగకుండానే మాట్లాడడం మొదలుపెట్టాడు. క్యాంపు పరిస్థితి ఆమెకు తెలియదట. మంచి కుర్రాళ్ళంతా రోడ్డు అవతలి కొత్త క్యాంపుకు జారిపోయారట. ఈ ఏడు కూడా తన మనిషి ఒక్కరు పందెం గీత దగ్గర నిలబడకపోతే, వచ్చే ఏడు తన వెంట పొద్దున్నే పరుగెత్తడానికి కుక్కలు తప్ప ఎవరూ రారట. అందులో అబద్ధం లేదని జెరూతోకీ తెలుసు.

"నా కాలి సంగతి చెప్పండి," అంది.

ఆయన ఇటు తిరిగి చెప్పాడు. "అతికింది. మే నెల వానలు తగ్గేలోపే అతికింది."

"మరి?"

"అతికిన ఎముకతో పరుగెత్తగలవు. గెలవలేవు. పోయినేడు చివరి కొండ దగ్గరే చూశాను, నీ కాళ్ళలో వేగం అయిపోయింది జెరూతో. ఆ మాట నీ మొహం మీద ఎలా చెప్పను? చెప్పలేకపోయాను."

"అందుకని నా కాలి చేత చెప్పించారు."

ఆయన గేటు గొళ్ళెం తీసి మళ్ళీ వేశాడు.

"పరుగెత్తి ఓడిపోతే ఓడిపోయానని నాకు తెలిసేది. ఇంటికొచ్చి ఏడ్చి, మానేసేదాన్ని. అది నా ఓటమి. దాన్ని కూడా నాకు దక్కనివ్వలేదు మీరు. రోజూ పొద్దున్నే నా ఒంటి చేత నాకే అబద్ధం చెప్పించారు. ఇప్పుడు నాకు ఆకలేస్తే అది ఆకలేనా అని అనుమానం వచ్చేట్టుంది."

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె పక్కకు జరిగింది. ఎప్పుడూ జరగని మనిషి జరిగేసరికి ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు.

ఆ మధ్యాహ్నం అత్తగారు వంటిల్లు వెనక సొరబుర్రలో పొగపెట్టిన బొగ్గుపొడి పుల్లతో రుద్దుతోంది. ముర్సిక్ కోసం పాలు పోసి మూత బిగించి ఉంచితే, మనిషి దేశాలు దాటి పందెం పరుగెత్తి వచ్చేసరికి పుల్లగా, చిక్కగా తయారవుతుంది. విమానం దిగి వచ్చినవాళ్ళ నోటికి ముందుగా ఆ బుర్రే అందించాలి. ఈ కొత్త బుర్రను పోయిన నెలలోనే ఏరి, కోసి, ఎండబెట్టింది తప్‌రాందిచ్. తనకోసమే అనుకుంది జెరూతో. అత్తగారికి తనమీద అంత నమ్మకం ఉన్నందుకు లోలోపల పొంగిపోయింది కూడా.

"ఇది ఎవరికోసం అత్తమ్మా?"

బుర్రలో తిరుగుతున్న పుల్ల ఆగి, మళ్ళీ తిరిగింది.

"ఎవరొస్తే వాళ్ళకి."

అంటే ఆవిడకీ తెలుసు. నొక్కుడు సంగతి తెలియకపోవచ్చు, చిన్నది పోతోందన్న సంగతి తెలుసు. ఆలోచిస్తే ఊరంతటికీ తెలిసే ఉండాలి. లోయ దారిలో పికప్పు ముందు పరుగెత్తే పిల్లను చూడని వాళ్ళుంటారా? పాలు పట్టుకుని పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళంతా, కాలెలా ఉందమ్మా, విశ్రాంతి తీసుకో అమ్మా అని జాలిపడి, తలుపు దాటాక ఒకరి మొహం ఒకరు చూసుకునే ఉంటారు. ఊరందరికీ తెలిశాక చివర తెలిసేది ఇంటిదానికే అని ఊరికే అనలేదు.

*

ఇక మిగిలింది సలీనా.

వెనక గదిలో చాప మీద కూర్చుని కామంచి ఆకు ఏరుతోంది. జెరూతో ఎదురుగా కూర్చుని తనూ ఒక కట్ట విప్పింది. ఇద్దరూ చాలాసేపు ఆకు ఏరారు. ఈ పిల్లను పదో తరగతి అవగానే ఇంటికి తెచ్చుకున్నది జెరూతోయే. మొదటి బూట్లు తనవే ఇచ్చింది. మొదటి రోజే గుంపు ముందుకు దూసుకుపోబోతే చొక్కా పట్టి వెనక్కి లాగి, మొదట ముసలమ్మలా నడిచినదే చివర్లో పిల్లలా పరుగెత్తుతుందే పిచ్చిదానా అని నేర్పిందీ తనే.

"బావ నీకేం చెప్పాడు?"

"నువ్వే నన్ను వెళ్ళమన్నావని చెప్పాడు," అంది సలీనా తలెత్తకుండా. "నీ నోటితో చెప్పడానికి నీకు కష్టంగా ఉందట, ఆ మాట ఎత్తి నిన్ను బాధపెట్టొద్దన్నాడు."

"ఇన్నాళ్ళు నీ బూట్లు నా చేత్తో తోమాను. ఒక్కసారి, అక్కా నువ్వు నిజంగా అన్నావా అని అడగలేదేం?"

సలీనా చేతిలో ఆకు నలిగిపోయింది. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు ఇంకా సరిగ్గా రాదు. కనీసం అదొకటి మిగిలింది.

"అడిగితే లేదంటావేమోనని."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట వెనకటికి ఎవరికో. మొగుడి మీద కోపం వచ్చింది జెరూతోకి, అత్తగారి మీద ఉక్రోషం వచ్చింది. ఈ మాటకు మాత్రం ఇంక కూర్చోలేకపోయింది. లేచి ఆకుల తట్ట అక్కడే వదిలేసి వచ్చేసింది.

ఆ రోజూ మర్నాడూ ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం లేదు. మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద వండారు, తిన్నారు. చెబోయ్ పొద్దున్నే కాలు చూడడానికి రాలేదు. పిల్ల చెలిమో ఒక్కతే అందరితో మాట్లాడింది, అందరి మాటలూ అందరికీ మోసింది. నాన్నకు టీ కావాలట, అమ్మ పోసుకోమంటోంది.

బుధవారం సాయంత్రం మాత్రం జెరూతో అందరూ ఉండగా రెండు మాటలు చెప్పింది. శనివారం మేనేజరు ముందు తనూ పరుగెత్తుతుంది. కాలు బాగుందని తన నోటితో తనే చెబుతుంది, ఆ తర్వాత ఎవరి పేరు రాసుకుంటాడో ఆయన ఇష్టం. రేపు లోయకి వెళ్ళేటప్పుడు పికప్పులో తనకు చోటుంచాలి.

వద్దని ఎవరూ అనలేదు. సోమవారం సలీనాను కొండ ఎక్కించి, గురువారం మళ్ళీ ఎక్కించి, శనివారం పరీక్ష పెట్టడం ఏం తర్ఫీదు అని జెరూతో అడగబోయి మానుకుంది. కష్టం రోజు తర్వాత తేలిక రోజు అని ఊరందరికీ చెప్పే మనిషి ఇంట్లోవాళ్ళకి ఏం చేస్తాడో ఇప్పుడు ఆమెకు తెలుసు. పైగా అడిగితే అసూయ అంటారు.

*

గురువారం పొద్దున లోయ అడుగున సలీనాను దింపారు. జెరూతో కిందనుంచి పరుగెత్తలేదు. ఇన్ని నెలల తర్వాత మొదటిరోజు పరుగు ఆకలి తీరకముందే ఆపాలని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. పికప్పు వెనక తొట్టిలో కూర్చుని, కిందనుంచి ఎక్కివస్తున్న చెల్లెల్ని చూస్తూ వచ్చింది. తేనెతుట్టెల కోసం దుంగలు వేలాడదీసిన చెట్లు దాటాక, చివరి మలుపుల దగ్గర బండి ఆపమని రేకు మీద కొట్టింది. చెబోయ్ ఆపాడు. అద్దంలోంచి చూశాడు గాని దిగలేదు.

సలీనా దగ్గరికి వచ్చేసరికి జెరూతో పక్కన కలిసింది.

మొదటి అడుగులు ఎవరివో అన్నట్టున్నాయి. ఊపిరి గొంతులో అడ్డం పడింది, తొడలు బరువెక్కాయి. అవన్నీ వస్తాయని తెలుసు, వాటిని పట్టించుకోలేదు. ఆమె చెవి అంతా ఎడమకాలి ఎముక మీదే ఉంది. నొప్పి రావాలి. ఇప్పుడు రాకపోతే ఆ రాయి దాటాక రావాలి, పోనీ ఆ మలుపు తిరిగాక రావాలి.

రమ్మని పిలిచింది దాన్ని. మనసులో మొక్కుకుంది కూడా. ఒక్కసారి, సూది మొనంత నొప్పి వచ్చినా చాలు, ఆయన వేలు నిజమే చెప్పిందని నమ్మేస్తుంది. గేటు దగ్గర ఆయన అన్నదంతా కోపంలో అన్నాడనుకుంటుంది. ఇంటికెళ్ళి మంచమెక్కి మళ్ళీ కాలు ఆయన ఒళ్ళో పెడుతుంది. చెల్లెలు విమానమెక్కుతుంటే బుర్ర తనే నింపుతుంది.

రాలేదు. ఎముక చల్లగా, గట్టిగా, ఏమీ జరగనట్టు ఆమెను మోసుకుపోతోంది. అడుగు అడుగుకూ ఆయన అబద్ధం రుజువవుతోంది. ఆమెకు ఏడుపొచ్చింది. బాగైన కాలికి ఏడ్చిన పరుగుమనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

అప్పుడు వినపడింది.

తన అడుగుల చప్పుడు కాదు, పక్కదానిది. కుడికాలు నేలను గట్టిగా కొడుతోంది, ఎడమది ఆని ఆననట్టు ఆని లేచిపోతోంది. చూస్తే తెలియదు. సలీనా నడుము నిటారుగానే ఉంది, చేతులు ఒకేలా ఊగుతున్నాయి. వింటేనే తెలుస్తుంది. కాలు తనకు తెలియకుండానే ఎక్కడో బరువు దాచుకుంటోంది. పోయిన డిసెంబరంతా జెరూతో ఈ చప్పుడు తన కాళ్ళలోనే విన్నది, వినీ విననట్టు పరుగెత్తింది, జనవరిలో విరగ్గొట్టుకుంది.

"ఆగు," అంది.

"పైకి వచ్చేశాం కదక్కా," అని సలీనా ఆగలేదు.

కొండ మీదికి వచ్చేసరికి చెబోయ్ బండిని టీకొట్టు దాకా పోనిచ్చి తిప్పుతున్నాడు. సలీనా తూము గట్టు మీద కూలబడింది. మొహం నిండా చెమట, పెదవుల మీద దుమ్ము, కళ్ళలో సంతోషం. బాగా ఎక్కానని ఆమెకు తెలుసు.

జెరూతో ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఏమీ అడగకుండా ఎడమకాలి లాగు పైకి మడిచింది. బొటనవేలు ఎముక మీద ఆనించింది. గట్టిగా నొక్కలేదు. పండు మగ్గిందో లేదో చూసినట్టు, అంతే ఆనించి కిందికి జరిపింది.

ఒకచోట సలీనా ఊపిరి ఆగిపోయింది. అక్క భుజాన్ని పట్టుకున్న వేళ్ళు స్వెట్టరు దాటి చర్మంలోకి దిగాయి. కళ్ళలోని సంతోషం అలా ఉండగానే నీళ్ళు జారాయి.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏం లేదు. కొండ ఎక్కిన కాలు కదా, లాగుతోంది."

"లాగడం కండకి. ఇది ఎముక. సలీనా, నా మొహం చూడు. శనివారం పరుగెత్తావంటే ఇది విరుగుతుంది. నాకు విరిగినట్టే, ఇక్కడే. ఇప్పుడే పడుకున్నావంటే చీలిక రాకుండా పోతుంది. వచ్చే ఏడు నీదే."

సలీనా కాలు వెనక్కి తీసుకుంది. లాగు కిందికి దించుకుంది. ఆ పిల్ల మొహంలో జెరూతో ఎప్పుడూ చూడనిదొకటి వచ్చి కూర్చుంది. పెద్దరికం లాంటిది.

"శనివారం నేను పరుగెత్తకపోతే ఎవరు పరుగెత్తుతారక్కా?"

జెరూతో ఏం చెప్పినా అది తన చోటు కోసం చెప్పినట్టే ఉంటుంది. అత్తగారికి చెప్పినా అంతే, మేనేజరుకు చెప్పినా అంతే. చెప్పకపోతే చెల్లెలి కాలు పోతుంది. పికప్పు తిరిగి వాళ్ళవైపు వస్తోంది. అద్దం వెనక చెబోయ్ మొహం కనపడుతోంది. గడియారంలో చూసిన అంకె బాగుందేమో, నవ్వుతున్నాడు.

"నీకు నిజంగా నొప్పి లేదా?" అంది జెరూతో చివరికి.

సలీనా వంగి బూటు లేసు బిగించుకుంది. లేచి, ఎడమకాలి మీద కావాలనే బరువంతా వేసి నిలబడింది. పెదవి కొరుక్కుంది.

"పొద్దున బావ నొక్కి చూశాడక్కా," అంది. "నొప్పి లేదు."